పద్నాలుగో జీతం, తర్వాత వచ్చిన ట్యాక్స్ లెటర్: మీలో ఎవరికైనా ఇట్ల అయిందా?

లెస్టర్_నైట్‌షిఫ్ట్ (12 అక్టోబర్ 2024)
అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర, ఇప్పుడు ఇంగ్లండ్‌ల లెస్టర్‌ల వేర్‌హౌస్‌ల పని చేస్తున్న. ఒక్కటే ఉద్యోగం, వేరే ఆదాయం ఏం లేదు. నిన్న పోస్ట్‌ల పీ800 అని కాయితం వచ్చింది. 2023-24కి 193 పౌండ్లు ట్యాక్స్ తక్కువ కట్టిన్నట. ప్రతి పేస్లిప్‌ల ట్యాక్స్ కట్ అయితనే ఉన్నది, నేనేం దాచలే. పేరోల్ వాళ్లకు మెయిల్ పెడితే "ఇది వీక్ 56 వల్ల" అని ఒక్క ముక్క రాసి ఊకున్నరు. ఇంట్ల చెప్తే నాయిన భయపడ్డడు, ఏమన్న కేసా అని. ఎవరికన్న సమజైతే చెప్పండి.

స్లౌ_పేరోల్ (12 అక్టోబర్ 2024)
తమ్ముడూ, ముందు నాన్నగారికి ఫోన్ చేసి కేసు కాదు, జరిమానా కాదు అని చెప్పు. నేను పదకొండేళ్లుగా పేరోల్‌లోనే ఉన్నాను. నీకు జీతం నాలుగు వారాలకోసారి శుక్రవారం వస్తుందా? 2023 ఏప్రిల్ మొదట్లో ఒకటి, 2024 ఏప్రిల్ 5న ఒకటి పడ్డాయా? చూసి చెప్పు.

లెస్టర్_నైట్‌షిఫ్ట్ (12 అక్టోబర్ 2024)
అవునక్కా. 2023ల గుడ్ ఫ్రైడే ఉండె కాబట్టి ఒక రోజు ముందు, గురువారం 6న ఏసిన్రు. 2024 ఏప్రిల్ 5న కూడ పడ్డది. లెక్కబెడితే పద్నాలుగు.

స్లౌ_పేరోల్ (13 అక్టోబర్ 2024)
సరే, కాస్త ఓపిగ్గా చదువు. మన ఊళ్లో జీతం అంటే నెలకోసారి, ఏడాదికి పన్నెండు. అందుకే ఈ తిరకాసు మనవాళ్లెవరికీ తట్టదు.

ఇక్కడ ట్యాక్స్ సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5న ముగుస్తుంది. ట్యాక్స్ లేకుండా సంపాదించుకోగలిగేది ఏడాదికి 12,570 పౌండ్లు. నాలుగు వారాల జీతగాడికి దాన్ని పదమూడు వాటాలు చేస్తారు, ఒక్కో వాటా సుమారు 967. పదమూడు జీతాలయ్యేసరికి వాటాలన్నీ అయిపోతాయి. కానీ 13 సార్లు 28 అంటే 364 రోజులే. ఏడాదికి 365, లీపు ఏడాదికి 366. ఆ మిగిలిన ఒకటి రెండు రోజుల్లో నీ జీతం తేదీ పడిందంటే ఆ సంవత్సరం లెక్కలోకి పద్నాలుగో జీతం వచ్చేస్తుంది. 2023-24లో ఆ మిగులు రోజులు ఏప్రిల్ 4 గురువారం, ఏప్రిల్ 5 శుక్రవారం. గురు, శుక్రవారాల్లో జీతాలిచ్చే కంపెనీలు ఎన్నో నీకు తెలుసు.

ఆ పద్నాలుగో జీతానికి వాటా మిగల్లేదు కదా. అయినా నిబంధన ప్రకారం మేం దాన్ని విడిగా, ఆ ఏడాది అదే మొదటి జీతమన్నట్టు లెక్కగట్టి ఇంకో 967 వదిలేయాలి. పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ (నీకు ఎంత వదలాలో చెప్పే గుర్తు) పక్కన డబ్ల్యూ1 లేదా ఎం1 అని ఉంటుంది చూడు. ఏడాది చివర ఇక్కడి ట్యాక్స్ శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ మొత్తం కూడి 12,570 ఒక్కసారే తీసేస్తుంది. మేం ఎక్కువ వదిలిన 967కి 20 శాతం లెక్కన వచ్చేదే నీ 193.

వారం జీతమైతే దాన్ని వీక్ 53 అంటారు, తేడా 48 పౌండ్ల చిల్లర. రెండు వారాలదైతే వీక్ 54, దాదాపు 97. నీది నాలుగు వారాలది కాబట్టి 52 మీద నాలుగు కలిపి వీక్ 56. ఇవి 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్ల లెక్కలు, 40 శాతంలో ఉంటే ఇంకా పెద్ద మొత్తం అవుతుంది. జీతంలోంచి ట్యాక్స్ కాక విడిగా పోయే నేషనల్ ఇన్సూరెన్స్‌కి ఈ బాధ లేదు, అది ఏ జీతానికి ఆ జీతం తెగిపోతుంది.

లీడ్స్_సిస్టర్ (13 అక్టోబర్ 2024)
అక్కా, ఇన్నాళ్లకి అర్థమయ్యేలా చెప్పారండి. నేను కేర్ హోమ్‌లో నర్సుని, మాది భీమవరం. మాకు రెండు వారాలకోసారి. నాకూ లెటరొచ్చింది, కానీ 483 అని. వీక్ 54కి 97 అయితే మిగతాది ఎక్కణ్ణించి వచ్చిందండీ?

స్లౌ_పేరోల్ (13 అక్టోబర్ 2024)
ఆ ఏడాది మధ్యలో ఇంకో చోట పని చేశారా?

లీడ్స్_సిస్టర్ (14 అక్టోబర్ 2024)
అవునండి, ఎనిమిది వారాలు ఇంకో హోమ్‌లో కూడా చేశాను. అదీ రెండు వారాల జీతమే, నాలుగు పేస్లిప్పులు. ఇప్పుడు తీసి చూస్తే రెండు చోట్లా కోడ్ 1257ఎల్ అనే ఉంది, రెండో చోట పక్కన డబ్ల్యూ1 అని కూడా ఉంది.

స్లౌ_పేరోల్ (14 అక్టోబర్ 2024)
దొరికింది. 1257ఎల్ అంటే 12,570 అలవెన్సు (ట్యాక్స్ లేని మొత్తం) వదలమని. ఒక్క మనిషికి ఒక్క అలవెన్సే. మీకు ఆ ఎనిమిది వారాలు రెండు చోట్లా వదిలారు. నాలుగు పేస్లిప్పుల్లో ఒక్కోదానికి 483 వదిలితే ట్యాక్స్‌లో సుమారు 387 తగ్గుతుంది. దానికి 97 కలపండి, మీ లెటర్ లెక్క సరిపోయింది. రెండో ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే స్టార్టర్ చెక్‌లిస్ట్‌లో "నాకు వేరే ఉద్యోగం ఉంది" అన్న గడి టిక్ చేస్తే బీఆర్ కోడ్ పెట్టి మొదటి పౌండు నుంచే 20 శాతం తీసుకుంటారు. మనవాళ్లు చాలామంది హడావుడిలో ఆ గడి దగ్గరే తప్పు చేస్తున్నారు. దయచేసి కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పండి.

ఎమ్మెస్సీ_కోవెంట్రీ (14 అక్టోబర్ 2024)
నేను స్టూడెంట్‌ని, వారానికి 20 గంటలు, శుక్రవారం జీతం. నాకూ లెటర్ వస్తుందా? రూమ్‌లో అందరం భయంగా ఉన్నాం.

స్లౌ_పేరోల్ (14 అక్టోబర్ 2024)
ఏడాది మొత్తం 12,570 దాటకపోతే ట్యాక్సే లేదు నాన్నా, ఎన్ని జీతాలొచ్చినా సరే. అప్పటి కనీస వేతనం గంటకి 10.42, ఇరవై గంటలకి 208. యాభైమూడు వారాలు వేసినా పదకొండు వేల చిల్లరే. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుంటే మాత్రం కూడి చూసుకో.

బర్మింగ్‌హామ్_బాబాయి (15 అక్టోబర్ 2024)
నాదో మాట. నాకు ఈ పద్ధతే నచ్చలేదు. ఆ జీతంలోనే 193 పట్టుకుని ఉంటే అబ్బాయి అప్పుడే సర్దుకునేవాడు. ఇచ్చినట్టే ఇచ్చి ఆర్నెల్ల తర్వాత లెటర్ పంపితే, చేతిలో డబ్బు ఖర్చయిపోయాక ఎవడు తెస్తాడు?

లెస్టర్_నైట్‌షిఫ్ట్ (15 అక్టోబర్ 2024)
బాబాయ్ మాట నిజం. ఆ పద్నాలుగో జీతం ఎక్కువొచ్చిందనుకొని బోరు మోటర్‌కు ఇంటికి పంపిన. ఒక్క పౌండు మిగల్లే.

స్లౌ_పేరోల్ (15 అక్టోబర్ 2024)
బాబాయి గారూ, మీ కోపం న్యాయమే. కానీ ఇంకో వైపు కూడా చూడండి. వాటా ఇవ్వకపోతే ఆ జీతం మొదటి పౌండు నుంచీ 20 శాతం పోతుంది. అద్దె కట్టే వారం ఒక్కసారిగా 193 తగ్గితే చిన్న జీతాలవాళ్లు తట్టుకోలేరు. ఇప్పుడైతే విడతలుగా తీసుకుంటారు. నా అభిప్రాయంలో అసలు తప్పు ఆ పేస్లిప్‌తో పాటు "ఇది అదనపు వారం, తర్వాత ఇంత కట్టాల్సి రావచ్చు" అని ఒక్క లైను రాయకపోవడం. మా ఆఫీసులో పోట్లాడి ఆ లైను పెట్టించాను.

విడతల సంగతి: బాకీ 3,000 లోపు ఉండి, ఉద్యోగం కొనసాగుతుంటే మామూలుగా వచ్చే ఏప్రిల్ నుంచి కోడ్ తగ్గించి తీసుకుంటారు. నీది 1257ఎల్ నుంచి సుమారు 1160ఎల్ అవుతుంది. జీతానికి 15 పౌండ్ల లోపే తమ్ముడూ. ఉద్యోగం లేనివాళ్లకి సింపుల్ అసెస్‌మెంట్ అని విడిగా బిల్లొస్తుంది, దాన్ని మాత్రం పక్కన పడేయకండి.

హల్_వీసావాలా (16 అక్టోబర్ 2024)
స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. ఇది ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే ఐఎల్‌ఆర్‌కి అడ్డమా?

బర్మింగ్‌హామ్_బాబాయి (16 అక్టోబర్ 2024)
నా అనుభవం చెప్తా. నేను అప్లై చేసినప్పుడు ఇలాంటి బాకీ ఒకటి కోడ్‌లో కడుతూనే ఉన్నాను. ఎవరూ అడగలేదు, వచ్చేసింది. అయినా లెటర్లు, పీ60లు (ఏడాది జీతం, ట్యాక్స్ చూపే కాయితాలు) అన్నీ ఫైల్‌లో పెట్టుకో. అనుమానం ఉంటే లాయర్‌నే అడుగు, ఇక్కడ మా మాట మీద ఆధారపడొద్దు.

డాలస్_చెల్లి (17 అక్టోబర్ 2024)
అమెరికాలోనూ దీనికి అన్న వరసయ్యేది ఉందండీ. రెండు వారాల జీతం వాళ్లకి మామూలుగా 26 చెక్కులు, కొన్నేళ్లకోసారి 27. ప్రతి చెక్కులో ఏడాదికి 26 అనుకునే ట్యాక్స్ పట్టుకుంటే చివరికి విత్‌హోల్డింగ్ తక్కువ పడుతుంది. మా ఆయనకి రిఫండ్ వస్తుందనుకుంటే ఎదురు కట్టాల్సొచ్చింది. ఆ ఏడాది కంపెనీకిచ్చే డబ్ల్యూ-4 ఫారంలో కాస్త ఎక్కువ పట్టుకోమని రాయించుకుంటే సరిపోయేది.

లీడ్స్_సిస్టర్ (17 అక్టోబర్ 2024)
మళ్లీ ఎప్పుడొస్తుందండీ ఇది?

స్లౌ_పేరోల్ (18 అక్టోబర్ 2024)
వారం వారం శుక్రవారం జీతమైతే 2030 ఏప్రిల్ 5. గురువారమైతే 2029 ఏప్రిల్ 5. రెండు, నాలుగు వారాల జీతాలకి మీ మీ వరస బట్టి మారుతుంది, క్యాలెండర్‌లో ఏప్రిల్ 5 నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. ఇంకో మాట. పీ800 వచ్చిందని తెలిస్తే మోసగాళ్లు కూడా తయారవుతారు. ఫోన్‌లో వచ్చిన లింకు నొక్కి కార్డు నంబర్ ఇవ్వొద్దు. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ యాప్‌లో మీరే లాగిన్ అయి అంకె సరిపోయిందో లేదో చూడండి.

లెస్టర్_నైట్‌షిఫ్ట్ (3 మే 2025)
అక్కా, చెప్పుదామని వచ్చిన. ఏప్రిల్ పేస్లిప్ వచ్చింది. కోడ్ 1160ఎల్, మీరు చెప్పిందే. ఎప్పటికంటే 15 పౌండ్లు తక్కువ పడ్డది. కాయితం నాయినకు వీడియో కాల్‌ల చూపెట్టి ఒక్కో లైను చదివిన. మా షిఫ్ట్‌ల మనోళ్లు ఆరుగురికి గిదే లెటర్ ఉన్నది, ఇద్దరైతే కవరే తెరవలే. రేపు బ్రేక్‌ల కూసోబెట్టి చూస్త.