మొలలకి బ్యాండ్ వేసి గంటలో ఇంటికి పంపడం సరైనదేనా?

సందేహాలరావు: మా అన్నయ్యకి ఓపీలోనే మొలలకి రబ్బరు బ్యాండ్లు వేశారు. నిమిషాల్లో పని అయిపోయింది, గంటలో ఇంటికొచ్చేశాడు, మర్నాడు ఆఫీసుకీ వెళ్ళాడు. రెండో వారంలో ఒక రాత్రి బాత్రూంలోంచి కేకేశాడు. చూస్తే కమోడ్ నిండా ఎర్రటి రక్తం, అందులో గడ్డలు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే కుట్టు వేసి ఆపారు. ముందు ఇచ్చిన కాగితంలో ఉన్నదల్లా 'ఇబ్బంది ఉంటే రండి' అన్న ఒక్క ముక్క. కనీసం ఒక రోజైనా అడ్మిట్ చేసుకోకుండా ఇలాంటివి చేయకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

తెల్లకాకి: అడ్మిట్ చేసుకుంటే ఏం లాభమండీ? రక్తం పోయింది రెండో వారంలో. అప్పటిదాకా మంచం మీద ఉంచుతారా?

మాజీ స్టాఫ్‌నర్స్: తెల్లకాకి గారు అన్నది నిజమే. బ్యాండ్ పడ్డాక ఆ మొలకి రక్తం అందదు. అది వాడిపోయి, సుమారు 5 నుంచి 10 రోజుల్లో బ్యాండుతో సహా రాలిపోతుంది. చాలామంది అది పడిపోయిన సంగతే గమనించరు. అక్కడ మిగిలిన పచ్చిపుండు మానేలోపు గట్టి మోషన్ అయినా, బాగా ముక్కినా రక్తనాళం తెరుచుకోవచ్చు. తుడుచుకుంటే టిష్యూ కాగితానికి అంటుకునే నాలుగు చుక్కలు మామూలే. గడ్డలు పడుతున్నా, ధార ఆగకపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా ఇంట్లో కూర్చోకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. బ్యాండ్ వేయకముందే ఆ సంగతి చెప్పాలి. అలాగని ఎవరికి వాళ్ళు ఆ మాత్రలు మానేయకూడదు, గుండెకి ప్రమాదం.

నాకు రక్తం కంటే ఎక్కువ భయం వేసేది ఇన్ఫెక్షన్. చాలా అరుదు, కానీ ప్రాణాలు పోయిన కేసులున్నాయి. నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరగడం, జ్వరం, యూరిన్ రాకపోవడం. మూడూ కలిసి వచ్చేదాకా ఆగొద్దు. 'బ్యాండ్ వేశారు కదా, నొప్పి ఉండదా' అనుకుని పెయిన్‌కిల్లర్ వేసుకుని పడుకోవడమే ఇందులో కొంప ముంచేది. వేసిన వెంటనే భరించలేని నొప్పి వస్తే అది వేరే సంగతి. బ్యాండ్ మరీ కిందికి, స్పర్శ తెలిసే చోట పడి ఉంటుంది. అక్కడికక్కడే చెబితే తీసేస్తారు. మొహమాటపడి పళ్ళు బిగించుకుని ఇంటికి వెళ్ళకండి.

నిదానం: ఇవన్నీ ముందే చదివి వినిపిస్తే ఎవరైనా వెళ్తారా? మా బంధువు ఒకాయన భయంతో ఏళ్ళ తరబడి దాచుకుని, రక్తం తగ్గిపోయి ఆయాసపడే స్థితికి వచ్చాడు. ఎక్కువమందికి ఏమీ కాదు. బ్యాండ్ అంటే భయమైతే మొల ఎండిపోయేలా దాని మొదట్లో మందు ఎక్కించే ఇంజెక్షన్ చేయించుకోవచ్చు, దాంతో రిస్కే లేదు.

మాజీ స్టాఫ్‌నర్స్: రిస్కే లేదనకండి. చాలాచోట్ల ఆ ఇంజెక్షన్‌లో వాడేది బాదం నూనెలో కలిపిన ఫినాల్ అనే మందు. గింజల ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి. మగవాళ్ళలో ముందువైపు సూది లోతుగా దిగితే ప్రొస్టేట్ గ్రంథికి తగిలి యూరిన్‌లో రక్తం పడిన కేసులున్నాయి.

తెల్లకాకి: నిదానం గారూ, 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, ఒకసారి బ్యాండ్ వేయించుకున్నవాళ్ళలో 49 శాతం మందికి ఏడాదిలోపే సమస్య తిరగబెట్టింది. మత్తు ఇచ్చి, మొలకి రక్తం తెచ్చే ధమనిని కుట్టేసే పద్ధతిలో అది 30 శాతం. అయినా బ్యాండే నయమనొచ్చు, మత్తు అక్కర్లేదు, మళ్ళీ వేయించుకోవచ్చు. కానీ మళ్ళీ వేయించుకున్న ప్రతిసారీ ఆ రెండో వారం కూడా మళ్ళీ వస్తుంది. ఆ మాట చెప్పకుండా 'చిన్న ప్రొసీజర్' అంటే పేషెంటుకి సగమే చెప్పినట్టు.

నిదానం: చెప్పొద్దనడం లేదండీ. బల్ల ఎక్కించే ముందు హడావిడిగా సంతకం పెట్టించుకుంటూ చెబితే టెన్షన్ తప్ప ఏమీ బుర్రకెక్కదు. ముందు రోజు చెప్పాలి, ఇంట్లోవాళ్ళని కూడా కూర్చోబెట్టి.

సందేహాలరావు: అన్నయ్యకి ఇంకో మొల మిగిలే ఉంది. అడ్మిషన్ సంగతి వదిలేస్తాను. రెండో వారంలో అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో మాత్రం ముందే రాయించుకుంటాను. విరేచనం మెత్తబడే మందు ఎన్నాళ్ళు వాడాలో కూడా అడుగుతాను, పోయినసారి ఆ ఊసే ఎత్తలేదు.

తెల్లకాకి: నంబరు రిసెప్షన్‌ది ఇస్తారు. అవతల ఎత్తినవాళ్ళకి బ్యాండ్ అంటే ఏంటో తెలుసో లేదో అదీ అడగండి.