హోప్‌వెల్ ఫర్నేస్ చూసొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చీపురుపల్లి వాసి: జూలైలో ఫిలడెల్ఫియాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. నాన్నగారూ వస్తున్నారు. 40 ఏళ్లు కొలిమి నడిపిన మనిషి. పెన్సిల్వేనియాలో హోప్‌వెల్ ఫర్నేస్ అని పాత ఇనుప బట్టీ ఊరు ఉందని విన్నాం. ఆయనకిప్పుడు 78, తిరగగలరా?

బొబ్బిలి అమ్మ: తప్పకుండా తీసుకెళ్లండి బాబూ. మా అమ్మాయి పోయిన ఏడు చూపించింది. 1771లో మార్క్ బర్డ్ కట్టించాడు, 1883 వరకు నడిచింది. టికెట్ లేదు. కానీ కారు మిట్ట మీద ఆపి ఊళ్లోకి నడిచి దిగాలి. వచ్చేటప్పుడు ఆ ఎత్తంతా ఎక్కాలి, చేతికర్ర పెట్టుకోండి.

రాజాం కుర్రాడు: నేనైతే నీళ్ల చక్రం దగ్గర్నుంచి కదల్లేదు. కాలువ నీరు చక్రాన్ని తిప్పితే, అది పెద్ద పీపాల్లోని పిస్టన్లను ఆడించి బట్టీలోకి గాలి కొడుతుంది. మనవాళ్లు చేత్తో తిత్తి లాగేవారే, అదే పని! పైనుంచి ఇనుప రాయి, బొగ్గు, సున్నపురాయి వేసేవారు. సున్నపురాయి మలినాలను పట్టుకుని చిట్టెంగా పైకి తేలేది, కరిగిన ఇనుము అడుగున చేరేది.

సోంపేట బీచ్: బొగ్గు సంగతి ఎవరూ చెప్పలేదే. మా తాత సరుగుడు బొగ్గు కాల్చేవాడు కాబట్టి నా కళ్లు అటే పోయాయి. అక్కడ కట్టెలు గోపురంలా పేర్చి, పైన ఆకులూ మట్టీ కప్పిన నమూనా ఉంది, పక్కనే కాపలా గుడిసె. రెండు వారాలు మంట రాకుండా మగ్గాలి. మట్టి ఎక్కడ కుంగిందో చూడ్డానికి మనిషి ఆ కుప్ప మీదే నడిచేవాడట. గాలి దూరితే కట్టెలన్నీ బూడిదే. తాత కూడా రాత్రంతా ఇంటికొచ్చేవాడు కాదు. ఎందుకో నాకు అక్కడే అర్థమైంది, కళ్లు చెమర్చాయి.

చీపురుపల్లి వాసి: ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. "అది పోత ఇనుము కదరా, సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. నాగటి కర్రుకు పనికిరాదు. మరి అక్కడ కమ్మరి లేడా?" అంటున్నారు.

రాజాం కుర్రాడు: పెద్దాయన సరిగ్గా పట్టారు! అక్కడ ఎక్కువగా పోసింది ఇళ్లలో వెచ్చదనానికి వాడే ఇనుప పొయ్యిలే. దిమ్మలుగా పోసిన ఇనుమునైతే వేరే చోట మళ్లీ కాల్చి, సాగగొట్టి మెత్తటి ఇనుము చేసేవారు. కమ్మరి కొట్టు కూడా ఉందండీ. వేసవిలో పని చేసి చూపించే రోజులుంటాయి, అవి కనుక్కుని వెళ్లండి.

చీపురుపల్లి వాసి: దాగలి మీద ఒక్క దెబ్బ వెయ్యనిస్తారా అని అడగమంటున్నారు.