వాటర్‌మార్క్ కంటికి కనబడకపోతే చాలా, దెబ్బ తిన్నా నిలవాలా?

ఈసీఈ అధ్యాపకుడు:
ఇమేజ్ వాటర్‌మార్కింగ్ (బొమ్మలో గుర్తును దాచే విద్య) థీసిస్‌లను పీఎస్‌ఎన్‌ఆర్ (గుర్తు దాచాక బొమ్మ అసలుకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత, ఎక్కువైతే మేలు) అంకె ఒక్కటే చూసి ఆమోదించే పద్ధతి మానాలని నా వాదన. మొన్న మా ఎం.టెక్. విద్యార్థి ఒకరు నలుపు తెలుపు ఫొటోలోని ప్రతి పిక్సెల్ చివరి బిట్‌లో కళాశాల లోగోను దాచి, పీఎస్‌ఎన్‌ఆర్ 51 డెసిబెల్స్ వచ్చిందని సంతోషంగా చూపించాడు. వెలుగు విలువ 154 ఉన్న పిక్సెల్ 155 అయితే ఏ కన్నూ పట్టలేదు, నిజమే. అయితే ఏ లోగో దాచినా దాదాపు అంతే వస్తుంది, ఎందుకంటే సగటున సగం పిక్సెళ్లు ఒక్కొక్క మెట్టు మారతాయి. అంటే ఆ అంకె అతని పనితనాన్ని కొలవడం లేదు. అదే ఫొటోను జేపెగ్‌గా సేవ్ చేసి లోగోను మళ్లీ తీయమన్నాను. తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు తప్ప ఒక్క అక్షరమూ రాలేదు. జేపెగ్ బొమ్మను 8×8 గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోని నెమ్మదైన, వేగమైన మార్పుల పాళ్లు చెప్పే డీసీటీ గుణకాల్లో చిన్నవాటిని సున్నా చేసేస్తుంది కనుక చివరి బిట్‌లో దాచినది మిగలదు. నివేదిక శీర్షికలో మాత్రం ‘కాపీరైట్ రక్షణ’ అని ఉంది.

పరిశోధక విద్యార్థిని:
మాస్టారూ, చెరిగిపోవడం అన్నిచోట్లా లోపం కాదండీ. బొమ్మను ఎవరైనా ముట్టుకున్నారా అని తెలుసుకోవడానికి వాడే పెళుసు వాటర్‌మార్క్‌కు అదే ప్రాణం. సీలు వేసిన కవరు చిరిగితేనే కదా, ఎవరో తెరిచారని తెలిసేది! ఆ పనికి చివరి బిట్ చక్కగా సరిపోతుంది. పైగా పీఎస్‌ఎన్‌ఆర్ లేకపోతే ఇద్దరి పద్ధతులను పక్కపక్కన పెట్టి పోల్చేదెలా?

ఆసుపత్రి ఇమేజింగ్ ఇంజనీరు:
మా దగ్గర ఆ చివరి బిట్‌ను కూడా వదులుకోలేము. ఎక్స్‌రేలో వెంట్రుకవాసి పగులు చూసే డాక్టరుకు మారిన బొమ్మ ఇవ్వడానికి మనసొప్పదు. అందుకే 2003లో జున్ టియాన్ ప్రతిపాదించిన డిఫరెన్స్ ఎక్స్‌పాన్షన్ లాంటి పద్ధతులు మాకు విలువైనవి. పక్కపక్క పిక్సెళ్ల తేడాను రెట్టింపు చేసి అందులో బిట్‌ను దాస్తారు, తీసేశాక అసలు బొమ్మ బిట్టు పోకుండా తిరిగి వస్తుంది.

ఈసీఈ అధ్యాపకుడు:
అమ్మా, పెళుసుదనం గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను, నా మొదటి మాటలో ఆ తేడా చెప్పకపోవడం నా పొరపాటే. కానీ యజమాని హక్కును నిలబెడతానన్నవారు 1997లో పరిశోధకుడు కాక్స్, ఆయన సహచరులు చూపిన దారిని పట్టించుకోవాలి. గుర్తును బొమ్మలోని ముఖ్యమైన గుణకాల్లోనే పరచమన్నారు వారు, దాన్ని పీకేయాలంటే బొమ్మే పాడవ్వాలన్నది వారి తర్కం. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో మార్కస్ కూన్, పెటిట్‌కోలాస్ తయారుచేసిన స్టిర్‌మార్క్ అనే సాధనం, బొమ్మను కంటికి తెలియనంతగా వంచి, సాగదీసి, అప్పటి పద్ధతులెన్నింటినో ఓడించింది. ఆ పరీక్ష పెట్టని థీసిస్‌లో రక్షణ అనే మాట ఉండకూడదు.

మా విద్యార్థి ఇప్పుడు లోగోను మధ్యస్థ డీసీటీ గుణకాల్లోకి మార్చాడు. పీఎస్‌ఎన్‌ఆర్ తగ్గింది, జేపెగ్ తరువాత కూడా లోగో అంచులు అరిగినా పేరు చదవగలిగేలా వచ్చింది. పట్టికలో అంకె తగ్గిందన్న ఒక్క కారణంతో అలాంటి పనిని తిప్పి పంపే పరీక్షకులను నేను చూశాను. నా అభ్యంతరం వారితోనే.