తమ్ముడికి హెవీ లైసెన్సు తీయించమంటారా? డ్రైవర్ లేని లారీలు వచ్చేస్తున్నాయట

పెనుగొండ అక్క

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి, పెనుగొండ పక్కన పల్లెటూరు. మా తమ్ముడు ఐటీఐ అయ్యాక టాటా ఏస్ తోలుతున్నాడు. హెవీ లైసెన్సు తీసుకుని, మా బాబాయితో కలిసి పాత లారీ ఒకటి ఫైనాన్సులో కొంటానంటున్నాడు. దానికి నాన్న అరెకరం తాకట్టు పెట్టాలి. ఈలోగా మా మరిది ఫోనులో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో సీటులో మనిషి లేకుండా పెద్ద లారీ హైవే మీద పోతోంది. అప్పటి నుంచి నాన్నకి ఒకటే టెన్షన్. అప్పు తీరేలోపే ఈ పని లేకుండా పోతుందా అని రోజూ నన్నే అడుగుతున్నారు. ఈ లైనులో ఉన్నవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మమ్మల్ని ఓదార్చడానికి మాత్రం చెప్పొద్దు.

మండపేట కుర్రాడు, ఇప్పుడు టెక్సాస్

ఆ వీడియో నిజమే అక్కా. అరోరా అనే కంపెనీ 2025 ఏప్రిల్ చివర్లో డాలస్, హ్యూస్టన్ మధ్య మనిషి లేకుండా సరుకు తోలడం మొదలుపెట్టింది. కొన్ని వారాలకే లారీ తయారుచేసిన కంపెనీ అడగడంతో సీటులో మళ్ళీ ఒక మనిషిని కూర్చోబెట్టారు. బండి నడపడానికి కాదు, ఊరికే చూస్తూ ఉండటానికి. ఇదే పని మొదలుపెట్టిన స్టార్‌స్కీ 2020లో మూతపడింది. గూగుల్ వాళ్ళ వేమో కంపెనీ 2023లో లారీలు పక్కనపెట్టి ట్యాక్సీల మీద పడింది.

ఇంకో సంగతి. లారీ రోడ్డు మీద ఆగిపోతే పది నిమిషాల్లో వెనక హెచ్చరిక త్రికోణాలు పెట్టాలని ఇక్కడ రూలు. మనిషే లేకపోతే దిగి పెట్టేదెవరు? కంపెనీలు మినహాయింపు అడిగితే 2024 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వం కాదంది. 2025 అక్టోబరులో, బండి మీద వెలిగే దీపాలు చాలని అరోరాకి అనుమతి ఇచ్చారు. అంటే ఆగుతూ ఆగుతూ అయినా ముందుకే పోతోంది. ఇది ఎండ రాగానే పొగమంచులా విడిపోతుందని మాత్రం అనుకోవద్దు.

ఐసు షెడ్డు, ఆకివీడు

అమ్మా, నేను చాలా ఏళ్ళు లారీ తోలినవాణ్ణి. నడుము పట్టేశాక దిగిపోయి ఇప్పుడు చేపల ప్యాకింగ్ షెడ్డులో లోడ్లు పంపించే పని చూస్తున్నాను.

ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుప గనుల్లో రియో టింటో కంపెనీ 2008 నుంచే మనిషి లేని డంపర్లు తిప్పుతోంది. అక్కడ దారి కంపెనీదే, అడ్డొచ్చేవాడు లేడు. ముందు అలాంటి చోటికే వస్తుంది. మా షెడ్డుకి రావాలంటే చెరువు గట్టు మీద నుంచి రావాలి. వాన పడితే రేగడి మట్టిలో టైరు దిగబడి ట్రాక్టరు కట్టి లాగించుకోవాలి. ఎదురుగా మేత బస్తాల బండి వస్తే ఎవరు వెనక్కి పోవాలో ఇద్దరు డ్రైవర్లూ తల బయటపెట్టి తేల్చుకుంటారు. కోతలప్పుడు రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ కుప్పల పక్కన పిల్లలు నిద్రపోతుంటారు. ఇవన్నీ దాటే యంత్రం మీ తమ్ముడి అప్పు తీరేలోపు మన పల్లెలకి వస్తుందని నేననుకోను.

పైగా గడ్కరీ గారు 2023 డిసెంబరులో, డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి డ్రైవర్ లేని కార్లని దేశంలోకి రానివ్వనన్నారు. అయితే ఒక మంత్రి మాటని నమ్ముకుని అరెకరం తాకట్టు పెట్టమని నేను చెప్పను.

నా భయం వేరే ఉందమ్మా. నేను లైనెక్కినప్పుడు కలకత్తా లోడంటే ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు. ఇప్పుడు చాలా బండ్లకి ఒక్కడే. ఆ రెండో డ్రైవర్నీ క్లీనర్నీ ఏ యంత్రమూ తియ్యలేదు. డీజిలు పెరిగి, కిరాయి పెరక్క ఓనర్లే తగ్గించుకున్నారు. కలకత్తా పక్కన హౌరా చేపల మార్కెట్‌కి తెల్లారేసరికి అందకపోతే చేప రేటు పడిపోతుంది. ఆ హడావిడంతా ఇప్పుడు ఒక్క మనిషి కళ్ళ మీదే. జీపీఎస్ వచ్చాక రాత్రి ఒంటిగంటకి టీ కోసం ఆగినా ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఫాస్టాగ్ వచ్చాక టోలు దగ్గర క్యూ తగ్గింది, మంచిదే. కానీ అక్కడ మిగిలిన టైము డ్రైవర్ నిద్రకి రాలేదు. త్వరగా చేరమన్న ఒత్తిడికే పోయింది. యంత్రం మిగిల్చిన దాంట్లో మనిషికి వాటా రావడం లేదు. డ్రైవర్ సీటులో ఉండగానే ఇలా ఉంది.

ఇంకా ముందు దెబ్బ తినేది ఎత్తేవాళ్ళు. మా దగ్గర బొచ్చె, శీలావతి తూకమేసి, ట్రేలో అడుగున ఐసు, మీద చేప, మళ్ళీ ఐసు వేస్తారు. ఒకప్పుడు ఐసు దిమ్మల్ని కర్రతో బాది పగలగొట్టేవాళ్ళు. క్రషర్ వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు ట్రేలు లారీలోకి ఎక్కించడానికి కన్వేయర్ బెల్టు పెడదామంటున్నారు. అది వస్తే ఇప్పుడున్న జట్టులో సగం మంది చాలు. చేతులు ఐసులో నానిపోయి, వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి వాళ్ళకి. నడుములు నిలబడతాయని బెల్టు రావాలనే ఉంది నాకు. మిగతా సగం మంది రేపు ఏం తింటారో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కాకినాడ జట్టు మేస్త్రి

అన్నగారు చెప్పిన దాంట్లో ఒకటి కలుపుతాను. మా యాంకరేజి పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా నిలబడుతుంది. బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్తాయి. అక్కడ ఓడ క్రేను వాటిని పైకి లాగుతుంది. ఇంకా మనిషి చెయ్యి పడే పోర్టు ఇది. కంటైనర్లో అయితే మిల్లు దగ్గర ఒకసారి నింపి సీలు వేస్తే ఓడ దాకా బస్తా ముట్టుకునే పని లేదు. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల ఓనరు 58 కంటైనర్లు ఓడెక్కించిన దగ్గర్నుంచి ప్రపంచంలో ఎన్ని పోర్టుల్లో జట్లు పోయాయో! అందుకే 2024 అక్టోబరులో అక్కడి తూర్పు తీరం పోర్టు కార్మికులు మూడు రోజులు పని ఆపేశారు. జీతంతో పాటు ఆటోమేషన్ మీద కూడా ఒప్పందంలో రాయించుకున్నారు. మనవాళ్ళలో చాలామందికి కూలి లెక్క నోటిమాటే. పీఎఫ్ లేదు. బెల్టు వచ్చే రోజున చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

పెనుగొండ అక్క

చాలా థాంక్సండి. నాన్నకి అన్నీ చదివి వినిపించాను. ఆయన అడిగేది ఒకటే: అయితే లారీ కొనాలా వద్దా?

ఐసు షెడ్డు, ఆకివీడు

లైసెన్సు తీయించండమ్మా, సందేహం వద్దు. డ్రైవర్లు దొరక్క మా షెడ్డు దగ్గరే లోడు వేసుకుని ఎదురుచూస్తున్న బండ్లున్నాయి. పాత లారీ మాత్రం ఇప్పుడే వద్దు. ఇది నా గట్టి మాట. యంత్రం భయంతో చెప్పడం లేదు. పన్నెండేళ్ళు దాటిన లారీకి, రాష్ట్రాలు దాటి తిరగడానికి కావాల్సిన నేషనల్ పర్మిట్ ఉండదు. రెండుకి మించి ఇరుసులున్న మల్టీ యాక్సిల్ అయితే పదిహేనేళ్ళు. ఐదారేళ్ళ వాయిదాలు పెట్టుకుని పాతది కొంటే కిస్తీలు ఇంకా ఉండగానే హౌరా దారి మూసుకుపోవచ్చు. 2025 అక్టోబరు నుంచి తయారైన లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాలన్న రూలొచ్చింది. పాత దాంట్లో ఆ సుఖం కూడా లేదు.

రెండేళ్ళు ఎవరిదైనా మంచి బండి మీద చెయ్యమనండి. చేరే ముందు జీతం, బత్తా ఎంతో, ప్రమాదం జరిగితే లాయరు ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోమనండి. 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపింది హిట్ అండ్ రన్ శిక్ష మీద, అంటే గుద్ది ఆగకుండా పోతే వేసే శిక్ష మీద. సమ్మె అయ్యాక ఆ సెక్షన్ అమలు ఆపారు కానీ చట్టంలోంచి తీసెయ్యలేదు. లాంగ్ ట్రిప్పుకి రెండో డ్రైవర్ని ఇవ్వనన్న ఓనరు దగ్గర ఎంత జీతమిచ్చినా చేర్చొద్దు. మీ బాబాయి నంబరు నాకు మెసేజ్‌లో పెట్టండి, మాట్లాడతాను.