దవడ పన్ను పుచ్చింది: తెల్ల ఫిల్లింగ్ ఇక్కడే చేయించుకోనా, సంక్రాంతికి ఊరు వెళ్ళాకా?

అంబాజీపేట (ఇప్పుడు డాలస్ దగ్గర):

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి ఏడు వారాలైంది. వచ్చేటప్పుడు అమ్మ పెట్టెలో ఒక డబ్బా తాపేశ్వరం కాజాలు సర్దింది. మొన్న ఆదివారం ఆఖరి కాజా కొరికితే పాకం కుడివైపు కింది దవడ పన్నులోకి దిగి ప్రాణం జివ్వుమంది. ఫోను లైటు వేసి అద్దంలో చూసుకుంటే పన్ను మధ్య గాడిలో ఆవగింజంత నల్లచుక్క. చల్లటి నీళ్ళు తాగితే ఒక్క క్షణం లాగి ఊరుకుంటోంది. రాత్రిళ్ళు నొప్పి లేదు.

నాన్నగారేమో "జనవరిలో వస్తావు కదా, అమలాపురంలో చేయించుకుందువుగాని, అంతదాకా లవంగం పెట్టుకో" అంటున్నారు. గదిలో ఉండే మిత్రుడు ఇక్కడి పళ్ళ డాక్టర్ల పేరు ఎత్తితేనే బెదిరిస్తున్నాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన డెంటల్ ఇన్సూరెన్స్ ఉంది, అందులో రాసింది చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకొక మాట: నాకు వెండి ఫిల్లింగ్ వద్దు. నవ్వితే నల్లగా కనిపించకూడదు. ఏం చేయమంటారు?

రాజోలు:

ఆగకు తమ్ముడూ. నేను ఆగాను. తొమ్మిది నెలలకు రూట్ కెనాల్, దాని మీద క్యాప్. ఎంతయిందో ఇక్కడ రాయలేను, మా ఆవిడ కూడా ఈ గుంపులోనే ఉంది.

పాలకొల్లు:

బాబూ, మీ నాన్నగారి మాట కొట్టిపారేయడం లేదు. ఆయన చెప్పింది పెద్ద పనులకు పనికొచ్చే సలహా. నీది చిన్న పని, ఇంకా చిన్నగానే ఉంది. అదే ఇక్కడ ముఖ్యం.

మన పంటకాలువ గట్టుకు పీతబొక్క పడితే ఎలా ఉంటుందో చూసే ఉంటావు. పైకి వేలు దూరేంత కంత, లోపల మూరెడు గుల్ల. పన్ను కూడా అంతే. పైపొర ఎనామెల్ గట్టిది, పుచ్చు దాన్ని నెమ్మదిగా తొలుస్తుంది. కింద ఉండే డెంటిన్ మెత్తన, అందులోకి దిగితే వేగం పెరుగుతుంది. తీపి తగిలితే, చల్లన తగిలితే ఒక్క క్షణం లాగి ఊరుకుంటోందంటే నరం ఇంకా బాగానే ఉందని ఆశ పెట్టుకోవచ్చు. లాగుడు నిమిషాల తరబడి ఉన్నా, నొప్పి నిద్రలో లేపినా కథ మారినట్టే. ఈ నాలుగు నెలల్లో అది ఏ రోజు మారుతుందో నీకు చీటీ రాసి చెప్పదు. లవంగం నొప్పిని మందగింపజేస్తుంది, బొక్కను పూడ్చదు.

ఇక సంక్రాంతి సంగతి. మూడు వారాల సెలవులో భోగి, పండగ, కనుమ, ఆపైన రెండు పెళ్ళిళ్ళు, నీకు పెళ్ళిచూపులు ఉంటే అవీ. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని డాక్టరు కుర్చీలో పడుకుంటావా? పడుకోవు. నేనూ పడుకోలేదు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, పెట్టెలు సర్దుతూ సర్దుతూ, మా చుట్టుపక్కల ఊళ్ళోనే ఒక క్లినిక్‌కు పరుగెత్తాను. బయట బెంచీల మీద జాగా లేదు. నోట్లో దూది కుక్కారు, అది తడిసి ముద్దయింది, అయినా పని కానిచ్చారు. "కొరకండమ్మా, సరిగ్గా ఉందా?" అన్నారు. దవడ మొద్దుబారి ఉంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గానే ఉందన్నాను. విమానంలో రొట్టెముక్క కొరికితే ఆ పన్ను ఒక్కటే ముందు తగిలి తల దిమ్మెక్కింది. ఇక్కడికి వచ్చాక డాక్టరమ్మ నీలం కాగితం కొరికించి, రంగు అంటిన చోట రెండు నిమిషాలు గీసింది. పోయింది. ఆ రెండు నిమిషాలకు అయిన ఖర్చు అక్కడ మొత్తం ఫిల్లింగ్‌కు పెట్టినదానికంటే ఎక్కువ.

తప్పు మన ఊరి డాక్టర్లదని అనను. అమలాపురంలో, భీమవరంలో, రాజమహేంద్రవరంలో డెంటల్ కాలేజీలే ఉన్నాయి, మంచి చేతులు ఉన్నాయి. రెండు రోజుల గడువుతో వెళ్ళడం నా తప్పు. ఫిల్లింగ్ ఎక్కడ చేయించుకున్నా, వారం తర్వాత మళ్ళీ అదే డాక్టరు ముందు కూర్చోగలిగేలా ఉండాలి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. వైద్యానికి ఉన్న కార్డు పళ్ళకు చెల్లదు, రెండూ వేరు. ఉద్యోగాల ద్వారా వచ్చే డెంటల్ ప్లాన్లలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి: పరీక్ష, శుభ్రం చేయడం, ఎక్స్‌రేలకు 100 శాతం, ఫిల్లింగ్‌లకు 80, క్యాప్ వంటి పెద్ద పనులకు 50. ఏడాదికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, తరచుగా 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య. చాలా ప్లాన్లలో అది జనవరితో కొత్తగా మొదలవుతుంది. పని ఎక్కువగా ఉంటే కొంత డిసెంబరులో, కొంత జనవరిలో చేయించుకునేవాళ్ళు ఉన్నారు.

నువ్వు తెల్లదే కావాలన్నావు కాబట్టి చెబుతున్నాను, ఇందులో ఒక మెలిక ఉంది. ముందు పళ్ళకు తెల్ల ఫిల్లింగ్ అయితే మామూలుగా పేచీ రాదు. దవడ పళ్ళకు మాత్రం చాలా ప్లాన్లు వెండి ఫిల్లింగ్ ధర మీదే లెక్క కడతాయి. తెల్లదానికి 200 డాలర్లు, వెండిదానికి 150 అనుకో. 80 శాతం అంటే 160 వస్తుందని నువ్వు అనుకుంటావు. వాళ్ళు 150లో 80 శాతం, అంటే 120 ఇస్తారు. 40 కట్టాల్సినవాడివి 80 కడతావు. మొదట నీ చేతినుంచి కట్టవలసిన మొత్తం ఉంటే అది అదనం. అందుకే కుర్చీ ఎక్కకముందే ఖర్చు అంచనాను ఇన్సూరెన్స్‌కు పంపి జవాబు తెప్పించమని డాక్టరు ఆఫీసువాళ్ళను అడుగు. అది మామూలుగా చేసే పనే, మొహమాటపడకు.

భీమవరం (పళ్ళ డాక్టర్ని, ఊళ్ళోనే ఉంటాను):

పాలకొల్లు అక్కగారు దూది ముద్ద సంగతి రాశారు కాబట్టి ఒక్కమాట. తెల్ల ఫిల్లింగ్ అంటే రెసిన్‌లో సన్నటి గాజుపొడి కలిపిన ముద్ద. పుచ్చును తొలగించాక గోడలకు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ రాసి, కొన్ని సెకన్లు ఉంచి కడిగేస్తాం. ఎనామెల్ కంటికి కనిపించనంత గరుకుగా తయారవుతుంది, జిగురు ఆ గరుకులోకి దిగి పట్టుకుంటుంది. 1955లో అమెరికా దంతవైద్యుడు బ్యూనోకోర్ చూపించిన కిటుకు ఇది. ఆ తర్వాత ముద్దను రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొర మీద నీలి కాంతి పెడతాం. గట్టిపడేటప్పుడు అది కాస్త ముడుచుకుంటుంది, పొరలుగా వేసేది అందుకే. నాలుగు మిల్లీమీటర్లు ఒకేసారి వేసే రకాలు కూడా ఇప్పుడు ఉన్నాయి.

ఈ మొత్తం పనిలో ఉమ్మి ఒక్క చుక్క తగిలినా అతుకు దెబ్బతింటుంది. తడి కాగితానికి బంక అంటనట్టే. పంటి చుట్టూ రబ్బరు తెర బిగించే డాక్టరు దొరికితే విసుక్కోకుండా నోరు తెరిచి పడుకో తమ్ముడూ. తెర లేకుండానూ బాగా చేసేవాళ్ళు ఉన్నారు, కాని వాళ్ళకు తీరిక ఉండాలి.

ఫిల్లింగ్ రంగును పంటి రంగుతో ఎప్పుడు సరిచూశారో గమనించు. పన్ను ఆరితే అసలు రంగుకంటే తెల్లగా కనిపిస్తుంది. అందుకే రంగుల పలకను పని మొదలుపెట్టకముందే, పన్ను తడిగా ఉండగానే పక్కన పెట్టి చూడాలి.

ద్రాక్షారామం:

నాకు 1986లో కాకినాడలో వేసిన వెండి ఫిల్లింగ్‌లు రెండు ఉన్నాయి. నేటికీ వాటితోనే వక్క కొరుకుతున్నాను. తెల్లది సోకు. దవడ లోపల పన్ను ఎవడు చూస్తాడు?

భీమవరం:

బాబాయిగారూ, వెండిది గట్టిదన్న మాట నిజం. తడిని కూడా తెల్లదానికంటే బాగా ఓర్చుకుంటుంది. పెద్ద గొయ్యి అయితే సాధారణంగా ఎక్కువ ఏళ్ళు వస్తుంది. కాని అది పట్టుకుని నిలవడానికి కొన్నిసార్లు మంచి పన్ను కూడా చెక్కాల్సి వస్తుంది. తెల్లది అతుక్కుంటుంది కాబట్టి పుచ్చినంతవరకే తీస్తే చాలు. ఈ అబ్బాయిది ఆవగింజంత చుక్క, అందుకే నా ఓటు తెల్లదానికే, సోకు కోసం కాదు.

వెండిదానిలో సుమారు సగం పాదరసం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప వాడకూడదన్నారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2020లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్ళలోపు పిల్లల వంటివారికి వీలైనంతవరకు వద్దంది. అదే ఎఫ్‌డీఏ బాగున్న పాత ఫిల్లింగ్‌లను తవ్వి తీయించుకోవద్దని కూడా చెప్పింది. కాబట్టి మీ రెండూ అలాగే ఉండనివ్వండి. వక్క మాత్రం మానండి, ఫిల్లింగ్ నిలిచినా దాని పక్క గోడ విరుగుతుంది.

అంబాజీపేట:

వెళ్ళాను. పుచ్చు ఒకటే అనుకున్నాను, నాలుగు అన్నారు. కాగితం మీద డి2391 మూడుసార్లు, డి2392 ఒకసారి ఉన్నాయి. నాలుగూ ఈ వారమే చేసేస్తామంటున్నారు. పిన్నిగారూ, నాకు కాళ్ళు వణుకుతున్నాయి.

పాలకొల్లు:

వణకకు. ఆ నంబర్లు దవడ పళ్ళ తెల్ల ఫిల్లింగ్‌లవి: 2391 అంటే పంటికి ఒక వైపు, 2392 అంటే రెండు వైపులు. ఎక్స్‌రేల కాపీ అడుగు, అది పొందే హక్కు నీకుంది. నొప్పి లేని మూడింటి గురించి "పుచ్చు ఎనామెల్‌లోనే ఉందా, డెంటిన్ దాకా దిగిందా?" అని ఒక్కొక్క పన్నుకూ విడిగా అడుగు. తేలిగ్గా చెప్పలేకపోతే ఇంకో డాక్టరుకు చూపించు.

భీమవరం:

నాకు పంపినా ఫోటో చూసి తీర్పు చెప్పను. కాని అక్కగారు అడగమన్న ప్రశ్న సరైనది. గుంట పడకుండా ఎనామెల్‌లోనే ఉన్న మచ్చను చాలాసార్లు ఫ్లోరైడ్ పూసి, ఆర్నెల్లకోసారి చూస్తూ ఉండవచ్చు. అది ఆగిపోవచ్చు కూడా. ఇంతకీ రోజుకు ఎన్ని కాఫీలు?

అంబాజీపేట:

ఆఫీసులో చక్కెర వేసుకుని ఒక పెద్ద కప్పు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కో గుక్క.

భీమవరం:

అదీ సంగతి. తీపి ఎంత తిన్నావన్నదానికంటే ఎన్నిసార్లు తగిలిందన్నది పంటికి ముఖ్యం. గుక్క గుక్కకూ నోట్లో ఆమ్లం తయారవుతుంది, పన్ను తేరుకోవడానికి వ్యవధి ఉండదు. పది నిమిషాల్లో తాగేసి నోరు పుక్కిలించు. కాజాలు డబ్బాడు ఒక్కరోజే తిన్నా ఇంత నష్టం ఉండేది కాదేమో. ఈ మాట మీ అమ్మగారికి చెప్పకు.

అంబాజీపేట:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. రెండో డాక్టరు చూసి రెండింటికి ఫిల్లింగ్ కావాలని, మిగతా రెండింటికి ఫ్లోరైడ్ పూసి మార్చిలో చూద్దామని అన్నారు. నిన్న ఆ రెండూ అయ్యాయి. రంగుల పలక ముందే పెట్టి చూశారు, అందులో నా పంటి రంగు ఎ3 అట. రబ్బరు తెర బిగించారు, నారింజరంగు కళ్ళజోడు పెట్టారు. ఒక్కో పొరకు బీప్‌మని మోగుతుంటే లెక్కపెట్టాను, పెద్దదానికి నాలుగు పొరలు. పెదవి మూడు గంటలు నాది కాదన్నట్టుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు పిన్నిగారు చెప్పినట్టే వెండి ధర లెక్కే కట్టారు, ముందే తెలుసు కాబట్టి బాధ అనిపించలేదు.

ఈ రోజు పొద్దున కుడివైపు నమిలితే ఇసుకరేణువంత ఎత్తు తగులుతోంది. ఓర్చుకుందామనుకున్నాను, తర్వాత విమానంలో రొట్టెముక్క గుర్తొచ్చి ఫోను చేశాను. రేపు పదింటికి రమ్మన్నారు. గీయడానికి డబ్బు తీసుకోరట.