నాలుగు పిల్లుల ఇంట్లో కొట్లాటలు, గుమ్మం దగ్గర మూత్రం: ఏం చేయాలి?

ప్రశ్న: ఎర్రముక్కపల్లె, కడప

మాది పాతకాలపు మిద్దె ఇల్లు. ఇంట్లో నాలుగు పిల్లులున్నాయి. వాటిలో నల్లది, బూడిదరంగుది ఒకే ఈతలో పుట్టిన ఆడవి. రెండింటికీ ఆపరేషన్ చేయించాము. మిగిలిన రెండింటినీ నిరుడు వానలో తడుస్తుంటే పిల్లలు తెచ్చారు. వాటిలో ఒకటి మగది, ఇప్పుడు బాగా ఎదిగింది, దానికింకా ఆపరేషన్ కాలేదు.

ఈ మధ్య మిద్దె మీదికి ఒక గండుపిల్లి వచ్చి, సందువైపు కిటికీ దగ్గర నిలబడి అరుస్తోంది. మొన్న దాన్ని చూసి నల్లది కిటికీ గట్టు మీద ఒళ్ళంతా ఉబ్బించుకొని, తోకను సీసాలు కడిగే బ్రష్షులా చేసుకొని కూర్చుంది. అంతలో వెనుక నుంచి వచ్చిన బూడిదరంగు దాని మీద పడి రక్కేసింది. పుట్టినప్పటి నుంచి ఒకదాని మీద ఒకటి పడుకొని నిద్రపోయిన ఈ రెండూ అప్పటి నుంచి ఎదురుపడితే చాలు గుర్రుమంటున్నాయి.

దీనికి తోడు, ఏది పోస్తోందో తెలియదు గానీ, తలుపు చెక్క మీద, బియ్యం డ్రమ్ము పక్కన మూలలో మూత్రం కనిపిస్తోంది. నేల కడప బండలు కావడంతో సందుల్లోకి దిగిన వాసన పోవడం లేదు. రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తున్నా మళ్ళీ అక్కడే పోస్తున్నాయి. స్నానాల గదిలో ఇసుక ట్రే ఉంది. రెండింటిని ఊళ్ళో వదిలేయమని మా అత్తగారు, ముక్కు రుద్ది నాలుగు తగిలించమని పక్కింటివారు చెబుతున్నారు. వీటిని పంపించడం తప్ప వేరే దారి ఉందా?

జవాబు: ప్రొద్దుటూరు

అమ్మా, నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట చూడవలసింది ఆరోగ్యం. పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి ముక్కుతూ ఉన్నా, ఒకటి రెండు చుక్కలే వస్తున్నా, మూత్రంలో రక్తం కనిపించినా అది అల్లరి కాదు, జబ్బు. ముఖ్యంగా మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది కనుక అది మూసుకుపోయి మూత్రం పూర్తిగా ఆగిపోతే, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు రేపు చూద్దామని ఆగకుండా రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

రెండో సంగతి, తలుపు చెక్క మీద పడినది, మూలలో నేల మీద పడినది ఒకటే కాకపోవచ్చు. పిల్లి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడకో తలుపుకో చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం. కూర్చొని నేల మీద పోస్తే ట్రే నచ్చకో, అక్కడికి వెళ్ళలేకో పోసినట్టు. మీ ఇంట్లో మగదానికి ఆపరేషన్ కాలేదు, బయట గండుపిల్లి తిరుగుతోంది కనుక తలుపు మీది పని దానిదే కావచ్చు. ఆపరేషన్ చేయిస్తే పది మగపిల్లుల్లో దాదాపు తొమ్మిదింటికి ఈ చిమ్మే అలవాటు మానడమో బాగా తగ్గడమో జరుగుతుంది. అయితే మరునాటికే మానదు, కొన్ని వారాలు పడుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లికి అక్కడి వాసన అంటుకొని ఉంటుంది కాబట్టి మిగిలినవి దాన్ని కొత్తదనుకొని మీద పడతాయి. కొంతకాలం వేరే గదిలో ఉంచండి. కడపలో వీలు కాకపోతే మా ఊళ్ళో పశువైద్య కళాశాల ఉంది, ముందుగా విచారించి రండి.

కొట్టడం మాత్రం వద్దు. కొడితే పోయడం మానదు, మీకు కనబడకుండా పోస్తుంది.

జవాబు: నందికొట్కూరు రోడ్డు, కర్నూలు

పెద్దాయన చెప్పినవి చేస్తూనే, అక్కా, ముందు ఆ ఫినాయిల్ ఆపండి. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకినప్పుడు అది కడుపులోకి పోతుంది. నాఫ్తలిన్ గోలీలు కూడా అంతే ప్రమాదం. పైగా ఫినాయిల్ మన ముక్కుకు వాసనను కప్పుతుందే తప్ప పిల్లి ముక్కుకు కప్పదు.

ఇంటర్నెట్‌లో చాలామంది వెనిగర్ వేయమంటారు. మన ప్రాంతపు ఇళ్ళకు అది పనికిరాని సలహా. కడప బండ, బేతంచర్ల బండ రెండూ సున్నపురాయి. పులుపు తగిలితే పైపొర తినేసి, మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఆ గరుకు చోట మూత్రం ఇంకా సులువుగా ఇంకుతుంది. తడిని గుడ్డతో అద్ది, మామూలు సబ్బునీళ్ళతో కడిగి, ఫినాయిల్ జాడ లేకుండా మంచినీళ్ళతో మళ్ళీ కడిగిన తరువాత, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం పోసి, సీసా మీద రాసినంత సేపు తడిగానే వదిలేయండి. సందుల్లో సిమెంటు ఊడి ఉంటే మేస్త్రీతో పూడ్పించనిదే ఎంత కడిగినా లాభం ఉండదు.

నాలుగు పిల్లులకు ఒక్క ట్రే చాలదు. పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలన్నది పశువైద్యులు చెప్పే లెక్క. అన్నీ ఒకే చోట వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ కలిపి ఒక్కటే. జల్లెడ పట్టిన సన్నని ఇసుక సరిపోతుంది, సువాసన కలిపినది కొనకండి. మన ఎండల్లో మూత్రం చిక్కబడకుండా, వెడల్పాటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు తిండికి దూరంగా నాలుగైదు చోట్ల పెట్టండి.

జవాబు: అనంతపురం

ఆపరేషన్ తప్పక చేయించవలసిందే, కానీ దానితోనే అంతా సర్దుకుంటుందని నేను అనుకోను. అక్కాచెల్లెళ్ళ గొడవకు మగపిల్లి కారణం కాదు. కిటికీ బయటి గండుపిల్లిని అందుకోలేని కోపం పక్కనున్న దాని మీద తీరింది. ఇది పిల్లుల్లో తరచుగా జరిగేదే. కిటికీ కింది సగానికి మసక కాగితం అంటించండి, మిద్దె మీద తిండి మిగల్చకండి.

ఆ రెండింటినీ తలుపు వేసిన వేరు వేరు గదుల్లో ఉంచి, ఒకటి పడుకున్న గుడ్డను రెండోదాని దగ్గర వేయండి. తిండి గిన్నెలు మూసిన తలుపుకు ఇటూ అటూ పెట్టి, ప్రశాంతంగా తింటుంటేనే దగ్గరికి జరపండి. ఆ తరువాత దోమతెర తలుపులోంచి చూసుకోనివ్వండి. తొందరపడి ఎదురెదురుగా వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఇక మీ అత్తగారన్నట్టు పిల్లుల్ని ఊళ్ళో వదిలేస్తే వాటిని వీధికుక్కలు బతకనివ్వవు, ఇక్కడున్న కారణమూ పోదు.

అన్నట్టు, కొట్లాటంటే రక్కడమే కాదు. ఒకటి దారికి అడ్డంగా కూర్చొని కన్నార్పకుండా చూస్తుంటే రెండోది వెనక్కి తిరిగిపోతుంది. చప్పుడుండదు కాబట్టి మనకు తెలియదు. స్నానాల గది గుమ్మం దగ్గర ఎవరు కూర్చుంటున్నారో గమనించారా?

ప్రశ్న అడిగినవారు

మీరు అడిగాక గమనించాను. నల్లది ఆ గడప మీదే ముందు కాళ్ళు మడుచుకొని కూర్చుంటోంది. చిన్న ఆడపిల్లి వంటింటి దాకా వచ్చి, దాన్ని చూసి, బియ్యం డ్రమ్ము వైపు తిరిగింది. మగదాన్ని రేపు ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాము. మెట్ల కింద ట్రే పెడితే సరిపోతుందా?

జవాబు: అనంతపురం

మెట్ల కింద ఒకవైపు నుంచే దారి ఉంటే అక్కడా అదే జరుగుతుంది. ఇటు నుంచి రావడానికి, అటు నుంచి పోవడానికి వీలున్న చోట పెట్టండి. డ్రమ్మును జరిపి, ఆ మూల కడిగి ఆరాక అక్కడే ఇంకో ట్రే ఉంచండి. పిల్లి దానికి అలవాటు పడ్డాక, కొద్దికొద్దిగా మీకు అనువైన చోటికి జరుపుకోవచ్చు.