పాత ప్రింటుతో బీము కట్టేశారు, సైట్లో డ్రాయింగులు ఎలా చూసుకోవాలి?

ప్రశ్న:
అయిదంతస్తుల అపార్టుమెంటు పనిలో సైట్ ఇంజనీరుగా చేరి ఏడాది అయింది. డ్రాయింగులన్నీ వాట్సాప్‌లో వస్తాయి. మూడో స్లాబులో ఒక బీముకు పైన రెండు 16 ఎం.ఎం. రాడ్లు అదనంగా వేయాలని స్ట్రక్చరల్ కన్సల్టెంటు మార్చారు. మేస్త్రి మాత్రం తన దగ్గరున్న పాత ప్రింటు ప్రకారమే కట్టించారు. కాంక్రీటుకు ముందు రోజు సాయంత్రం అది బయటపడింది. విప్పి కట్టేసరికి మూడు రోజులు పోయాయి. మారిన డ్రాయింగు అప్పటికి నాలుగు రోజులుగా నా ఫోనులోనే ఉంది. ఆ సంగతి తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. సాఫ్ట్‌వేరు కొనడానికి యజమాని ఒప్పుకోరు. ఏం చేయమంటారు?

జవాబు:
సాఫ్ట్‌వేరు లేక వచ్చిన చిక్కు కాదండి ఇది. కొత్త డ్రాయింగు వచ్చింది, పాతది సైటు వదిలి వెళ్లలేదు. ఇరవై ఏళ్లుగా నేను పట్టుబట్టే మాట ఒక్కటే: పాత ప్రింటు వెనక్కి ఇస్తేనే కొత్తది చేతికివ్వాలి.

రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొనండి. డ్రాయింగు నంబరు, రివిజన్ (ఎన్నోసారి మార్చినదో), వచ్చిన తేదీ, ఎవరికిచ్చారు, వారి సంతకం, పాతది తిరిగి వచ్చిందా అన్నవి రాస్తే చాలు. వెనక్కి వచ్చినవాటిలో ఒక ప్రతిపై ఎర్ర సిరాతో అడ్డంగా ‘రద్దు’ అని రాసి ఫైలులో పెట్టండి, మిగతావి చించేయండి. అదనపు పనికి బిల్లు పెట్టినప్పుడు మార్పు ఎప్పుడొచ్చిందో చూపేది ఆ ప్రతే. ‘నిర్మాణానికి’ అనే ముద్ర లేని డ్రాయింగుకు అసలు ప్రింటే తీయకండి. పరిశీలనకు పంపినవాటిని చూసి పని చేసిన సైట్లు నాకు తెలుసు.

రాడ్లు కట్టడం మొదలుపెట్టే రోజు మేస్త్రి చేతిలోని ప్రింటు అడిగి, రివిజన్ నంబరును రిజిస్టరుతో సరిచూడండి. రెండు నిమిషాల పని.

ఇంకొకరి జవాబు:
పై మాటకు ఒకటి కలుపుతాను. కన్సల్టెంటు ఫోనులో ‘అలా కానివ్వండి’ అన్నది కూడా డ్రాయింగు మార్పే. ఆ రోజే సైట్ ఆర్డర్ బుక్‌లో రాసి, ఆయన తర్వాత వచ్చినప్పుడు సంతకం తీసుకోండి. సంతకం పడేదాకా ఆ భాగానికి కాంక్రీటు పోయకండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ సాయంత్రమే ప్రింట్లన్నీ తెప్పించాను. ఒకే స్లాబుకు మూడు రివిజన్లు నలుగురి దగ్గర దొరికాయి! క్యూబు పరీక్షల (కాంక్రీటు దిమ్మెలతో బలం చూసేవి) కాగితాలు ఎన్నాళ్లు ఉంచాలి? ప్లంబరు ప్రింటుపై స్లీవుల (పైపు వెళ్లడానికి కాంక్రీటులో పెట్టే గొట్టాలు) గుర్తులు చేత్తో గీసి ఉన్నాయి, దాన్నీ చించాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అది చించకండి! పైపు నిజంగా ఎక్కడ వెళ్లిందో చెప్పే కాగితం అదొక్కటే. ఫోటో తీసి కన్సల్టెంటుకు పంపండి. బీములోంచి వెళ్లే స్లీవు ఉంటే ఆయన అనుమతి రాతలో ఉండాలి.

క్యూబుల విషయానికొస్తే, 40 ఘనపు మీటర్ల స్లాబుకు కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం 4 నమూనాలు, ఒక్కోదానికి మూడు క్యూబులు తీయాలి. కాంక్రీటు పోసిన 28 రోజులకు చేసే పరీక్ష ఫలితం వచ్చాక ఆ కాగితాన్ని విడిగా పరీక్షల ఫైలులో పడేయకండి. ఆ స్లాబు తేదీ, సిమెంటు సర్టిఫికెట్, వాడిన డ్రాయింగు రివిజన్‌తో కలిపి ఒకే కవరులో పెట్టండి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలో నిర్మాణ లోపం చూపిస్తే, బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాబట్టి చివరి ఫ్లాటు అప్పగించాక 5 ఏళ్లు నిండేదాకా ఒక్క కవరూ కదిలించకండి. సైట్ షెడ్డులో మాత్రం ఉంచకండి, వానకు తడుస్తాయి. ఆఫీసు బీరువాలో పెట్టి, స్కాన్ ప్రతి యజమాని కంప్యూటర్లోనూ ఉంచండి.